పదడుగుల ఇనుము

నాగుల్‌మీరా చెప్పింది ఒక్కటే మాట:
"అన్నా, ఎక్కిచ్చేటప్పుడు నాకు ట్రాలీ కనబడది.
ఆకాశమే కనబడుతది."

వరికోత మిషన్ డ్రైవరు ఆయన.
చెయిన్ల బండి, మూడు టన్నులకు జర తక్కువ.
పోయిన కార్తీకంల త్రిపురారం అవతల
కాల్వకట్ట మీద మంచు తడికి
ఎడమ చెయిను జారి
మిషన్ ఒక పక్కకు ఒరిగి నిలబడ్డదట,
పడాల్నా వద్దా అని ఆలోచన చేస్తున్నట్టు.
అంతసేపు ఆయన ఊపిరి తియ్యలేదట.
ఇంజను మాత్రం తీస్తనే ఉన్నదట.

పాత ర్యాంపులు తెచ్చి హాలియాల నా షాపు ముందట పడేసిండు.
ఆరడుగులు. ట్రాలీ ఎత్తు నాలుగు.
సుద్దముక్కతోని నేల మీద గీసి చూసిన.
అది ఎక్కుడు కాదు,
గోడకు చేరేసిన నిచ్చెన.

మిషన్ ఓనరు కోటిరెడ్డి పటేలు
బుల్లెట్ దిగకుండనే అన్నడు:
"ఏడడుగులు చాలు. ఇనుము కిలో ఎంతున్నదో ఎరికేనా?"
ఎరికే. మిర్యాలగూడ నుంచి మోసుకొచ్చేది నేనే.
"ఎత్తు ఎంతున్నదో అంతే ఉంటది పటేలా,
ట్రాలీని కోసి పొట్టి చెయ్యలేను.
పొడుగొక్కటే మన చేతిల ఉన్నది."
ఆయన ఫోను మోగింది. పోయిండు.

పొద్దుమీకి నాగుల్‌మీరా మళ్లొచ్చిండు.
అంగి జేబుల నుంచి మడత నోట్లు తీసి
"మిగిలిన మూడడుగులు నా బత్తాల నుంచి" అన్నడు.
పక్కకు తిరిగి లెక్కపెట్టిన.
లెక్క తప్పింది.
మళ్లా లెక్కపెట్టలేదు.

నాలుగించుల చానలు, పదడుగులకు కోసినం.
జానెడు జానెడుకు అడ్డంగ యాంగ్లరు,
మొన మీదికి తిప్పి,
చెయిను పండ్లకు పట్టు దొరకాలె.
కొసన కొక్కెం, ట్రాలీ పెదివిని కరిచేటట్టు.
భిక్షం రాడ్లు అందిచ్చుకుంట కూసున్నడు.
కరెంటు రెండుసార్లు పోయింది.
రెండోసారి పోయినప్పుడు
సల్లారుతున్న అతుకు ఒక్కటే
మా ఇద్దరికి దీపం.

సగం పని అయినంక తెలిసింది,
పొడుగుకు దాని రోగం దానికుంటదని.
జాకీ పెట్టి నొక్కితే నడుమ కాడ వంగింది.
పొట్టిదానికి లేని నడుంనొప్పి.
అందుకని మధ్యల ఒక కాలు పెట్టిన,
మడిచేది,
కింద అరచెయ్యంత పలక, బురదల దిగకుండ.
ఆ కాలుకు పైసలు అడగలేదు.
అడిగితే ఎందుకో చెప్పాలె,
చెప్తే తీసెయ్యమంటడు పటేలు.

తెల్లారి ట్రాలీకి తగిలిచ్చినం.
మిషన్ కదిలింది.
దాని కడుపుల నుంచి నిరుడటి వడ్లగింజలు రాలుతున్నయి.
నడిమికాలు ఒక్కసారి కిర్రుమన్నది.
నా పండ్లు గూడ.
మీదికెళ్లి నాగుల్‌మీరా కేకేసిండు:
"అన్నా! ట్రాక్టరాయన బట్టతల కనబడుతున్నదే!"
అంతకంటే మెచ్చుకునుడు ఆయనకు రాదు.

ర్యాంపులు ట్రాలీల పట్టలేదు.
మూరెడు కొసలు వెనుకకు తేలినయి.
ఎర్రగుడ్డ దొరకక
మా ఇంటామె పాత జాకెట్టు చేతిని చింపి కట్టినం.
పెద్దవూర రోడ్డు మలుపు దాక
అది చెయ్యి ఊపుకుంటనే పోయింది.

పాత ర్యాంపులను తుక్కుకు అడిగిండ్రు, ఇయ్యలేదు.
షాపు ముందు మోరీ మీద పరిచిన.
మిషన్‌కు పొట్టివి, మోరీకి ఎక్కువనే.

నాలుగో రోజో ఐదో రోజో,
మూడు చక్రాల బండి మీద సోమలచ్చిమి,
ఎప్పుడొచ్చినా రోడ్డు మీదనే ఆగి
"ఓ తమ్మీ" అని ఒర్రే మనిషి,
చేతులతోని పైడిళ్లు తిప్పుకుంట
సక్కగ లోపలికే వచ్చి
నా వెల్డింగు బల్లకు గుద్ది ఆగింది.

"బ్రేకు పడుతలేదురా."

"ఎన్ని రోజులాయె అక్కా?"

"చాన రోజులే.
లోపలికి రాంగనే గద నీకు తెలిసేది."